నలుగురూ ఒక్కసారే మాట్లాడితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. మాట మీద మాట పడుతోంది, ఎవరిది ఏ మాటో తెలియడం లేదు. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఇదే ప్రశ్న రకరకాలుగా అడిగారు కాబట్టి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. పట్టాల్సిన ఉత్తరమే అది.

ప్రశ్న: పోయిన ఎండాకాలం మా నాన్నమ్మ, ఆవిడ ఇద్దరు చెల్లెళ్ళు వీధి అరుగు మీద కూర్చుని చిన్ననాటి కబుర్లు చెప్పుకుంటుంటే ఫోను మధ్యలో పెట్టి రికార్డు చేశాను. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకోవడం, మూడో ఆవిడ కాదనడం, అంతా ఒకేసారి. మధ్యమధ్య ఒడియా కూడా దొర్లుతుంది. సంక్రాంతి వెళ్ళాక నాన్నమ్మ కాలం చేశారు. ఆ రికార్డింగులోంచి ఆవిడ గొంతు ఒక్కదాన్నీ విడదీయడం కుదురుతుందా?
— ఒక టీచరు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ ఫైలును ఫోనులోంచి తీసి రెండు వేరువేరు చోట్ల భద్రం చేయండి. చుట్టాలకి వాట్సాప్‌లో పంపిన కాపీ కాదు, ఫోనులో మొదట పడిన ఫైలు. వాయిస్ మెసేజ్‌గా వెళ్ళేటప్పుడు ధ్వనిని కుదించేస్తారు. మాట అర్థమవుతుంది కానీ, గొంతుల్ని విడదీయడానికి పనికొచ్చే సన్నని తేడాలు పోతాయి.

ఇక మీరడిగింది. కొంతమేరకు కుదురుతుంది. మీ మనసు కోరుకున్నంత శుభ్రంగా కుదరదు. ఎందుకో వివరంగానే చెబుతాను, ఇకమీద మీరు చేయాల్సిన పని కూడా అందులోనే ఉంది.

ఆ రోజు అరుగు మీద మీరూ ఉన్నారు కదా. ముగ్గురూ ఒక్కసారే మాట్లాడుతున్నా నాన్నమ్మ మాట మీకు తెలుస్తూనే ఉండి ఉంటుంది. రెండు చెవులున్నందుకే అది సాధ్యమైంది. కుడిపక్క నుంచి వచ్చిన మాట కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కొంచెం వెనక చేరుతుంది. మనిషి పూర్తిగా పక్కన కూర్చున్నా ఆ తేడా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులకు మించదు. అంత చిన్న తేడాని మెదడు పట్టుకుంటుంది. పైగా తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి కీచు ధ్వనులు బలం తగ్గి అందుతాయి. బొంగురు ధ్వనులకు కాలంలో తేడా, కీచు ధ్వనులకు బలంలో తేడా కలిసి మనకు దిక్కు చెబుతాయని 1907లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ రాశారు. ఆ లెక్క ఇప్పటికీ చాలావరకు నిలబడే ఉంది.

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ చేసిన ప్రయోగం ఒకటి చెప్పాలి. ఒకే మనిషి చదివిన రెండు పాఠాలను ఒకే టేపు మీద కలిపి వినిపిస్తే, వినేవాళ్ళు టేపును మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పితే తప్ప విడదీయలేకపోయారు. ఒక పాఠం ఒక చెవికి, రెండోది రెండో చెవికి ఇస్తే మాత్రం ఒకదాన్ని పట్టుకుని సునాయాసంగా తిరిగి చెప్పారు. రెండో చెవిలో పాఠం నడిమధ్యలో ఇంగ్లీషు నుంచి జర్మన్‌కి మారిపోతే ఆ సంగతి కూడా వాళ్ళకు తెలియలేదు. తెలుగూ ఒడియా ఒకే వాక్యంలో నడిచే మన ఇళ్ళలో ఈ ప్రయోగం ఎవరైనా చేస్తే చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

మీ ఫోను ఒకే చెవితో విన్నది. ముగ్గురి మాటా ఒకే గీతలో కలిసిపోయింది. ఎడమ, కుడి అన్న సమాచారం ఆ క్షణంలోనే పోయింది, తర్వాత ఏ ప్రోగ్రామూ దాన్ని పుట్టించలేదు. అయితే కొన్ని ఫోన్లు స్టీరియోలో రికార్డు చేస్తాయి, కాబట్టి ఆశ వదులుకునే ముందు ఒక పరీక్ష చేయండి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరవండి. ఒకే గీత ఉంటే అది మోనో, అంతే. రెండు గీతలుంటే వాటిని వేరు చేసి, ఒకదాన్ని తలకిందులు చేసి, రెండింటినీ మోనోగా కలపండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండు గీతల్లోనూ ఉన్నది ఒకటే, పేరుకే స్టీరియో. సన్నగా మాటలు మిగిలితే మాత్రం వెంటనే నాకు రాయండి, అప్పుడు చేయగలిగింది చాలా ఉంది.

ఒకే గీత ఉందనుకుందాం. అప్పుడు కూడా చేయి ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ధ్వనిని కాలం ఒకవైపు, ఫ్రీక్వెన్సీ (ధ్వని ఎంత కీచో, ఎంత బొంగురో చెప్పే కొలత) ఒకవైపు పెట్టి బొమ్మగా గీస్తే దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఆడాసిటీలోనే కనిపిస్తుంది. మనిషి మాట ఆ బొమ్మను నింపేయదు. అచ్చులు సమాన దూరాల్లో అడ్డచారలుగా పడతాయి, స, శ లాంటివి పైన పొగలా పడతాయి, మిగతాదంతా ఖాళీ. అందుకే ఇద్దరు కలిసి మాట్లాడినా ఆ బొమ్మలో ఒక్కో చిన్న గడిలో ఎక్కువగా ఒకరిదే పైచేయిగా ఉంటుంది. కందిపప్పూ పెసరపప్పూ కలిసిపోయిన చేటలాంటిదన్నమాట. గింజ గింజ ఏరడం కష్టమే, కానీ ఏరగలం. ఏ గడి ఎవరిదో తేల్చుకుని, నాన్నమ్మవి కాని గడుల్ని మూసేసి, మిగిలినదాన్ని మళ్ళీ ధ్వనిగా మార్చడమే పని. 2016 తర్వాత న్యూరల్ నెట్‌వర్కులతో, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంలతో, ఈ ఏరివేత బాగా ముందుకు వెళ్ళింది. 2019లో వచ్చిన కాన్వ్-టాస్‌నెట్ లాంటి ప్రోగ్రాంలు ఒకే మైకు రికార్డింగులోంచి ఇద్దరి గొంతుల్ని ఆశ్చర్యపోయేంత బాగా విడదీశాయి.

అయితే వాటికి పరీక్ష పెట్టింది ఎలాంటి ధ్వనులతోనో గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు పత్రిక వార్తల్ని నిశ్శబ్దమైన గదిలో చదివించి, ఆ చదువుల్ని కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి వేసి చేసిన మిశ్రమాలవి. మీది వీధి అరుగు. గోడ నుంచి ప్రతిధ్వని, ఎదురుగా ఆటోలు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ఇంచుమించు ఒకే ఈడు, ఒకే ఇంటి గొంతు. విడదీయడానికి ఇంతకంటే కష్టమైన కేసు ఉండదు. ఒక్కరే మాట్లాడుతున్న ముక్కలు బాగా తేలతాయి, ఇద్దరిది పడినచోట ఫర్వాలేదనిపిస్తాయి, ముగ్గురివీ పడినచోట నాన్నమ్మ మాటలో చెల్లెలి మాట చివర అతుక్కుని వస్తుంది. అసలు ఫైలును ఎప్పుడూ తీసేయకండి. ఈ యంత్రాలు ఖాళీ అనిపించినచోట తమకు తోచిన ధ్వని నింపగలవు. మీ నాన్నమ్మ అనని అక్షరం ఆవిడ నోట పెట్టడం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు.

ఏ ప్రోగ్రాం కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. ఆ ఇద్దరు చెల్లెళ్ళూ ఉన్నారు కదా. వాళ్ళ దగ్గర కూర్చుని రికార్డింగు కొంచెం కొంచెం వినిపించండి. "ఇది అక్క అంది, ఇది నేనన్నాను" అని వాళ్ళే చెబుతారు. ఆ గొంతుల్ని వాళ్ళు పుట్టినప్పటి నుంచీ విన్నారు, ఆ కబుర్లలో ముందేమొస్తుందో వెనకేమొస్తుందో వాళ్ళకు తెలుసు. నిమిషం, సెకను వేసి, ఎవరి మాటో పక్కన రాసుకుంటూ పోండి. రేపు మెరుగైన ప్రోగ్రాం వచ్చినప్పుడు ఆ కాగితమే దానికి దారి చూపిస్తుంది.

తర్వాత, దయచేసి ఈ ఏడాదే, ఆ ఇద్దరినీ మళ్ళీ రికార్డు చేయండి. ఈసారి రెండు మైకులతో. రెండు మైకులు తగిలించే వీలున్న చిన్న రికార్డరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు. దానికి బయటి మైకులు రెండు తగిలించి 20 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి, ఒకరిని ఎడమగా ఒకరిని కుడిగా కూర్చోబెట్టండి. మన ఎండలకు ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. నడిమి గీత నుంచి 60 డిగ్రీల పక్కకు కూర్చున్న మనిషి మాట ఒక మైకు కంటే రెండోదానికి దాదాపు అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 48 కిలోహెర్ట్‌జ్‌లో, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలుస్తూ రికార్డు చేస్తే అది 24 శాంపిల్స్ (కొలతల) తేడా. కంప్యూటరుకు అది బోలెడు. గొంతులు రెండు, మైకులు రెండు ఉన్నప్పుడు, ఆ రెండు గొంతులకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదన్న ఒక్క సంగతి మీదే ఆధారపడి విడదీసే పద్ధతులు 1990ల నుంచి ఉన్నాయి. 1995లో బెల్, సెజ్‌నౌస్కీ రాసిన వ్యాసం వాటిలో పేరున్నది. ప్రతిధ్వని ఉన్నచోట ఆ పనిని ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడివిడిగా చేసి, ఏ ముక్క ఏ మనిషిదో మళ్ళీ జత కలపాల్సి వస్తుంది. అక్కడే ఎక్కువ తప్పులు పడతాయి. ప్రతిధ్వని ఎంత తగ్గిస్తే అంత మంచిది.

రెండు ఫోన్లు చెరోపక్క పెడితే చాలదా అని మీకు తోచవచ్చు. దిక్కు పట్టడానికి చాలదు. ఒక్కో ఫోనుకు దాని సొంత గడియారం. ఆ రెండింటి మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా నిమిషానికి 1.2 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. మనం వెతికేది అర మిల్లీసెకను. రెండు మైకులూ ఒకే రికార్డరులోకి వెళ్ళాలనేది అందుకే. ఏదీ దొరక్కపోతే మాత్రం ఫోన్లే వాడండి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి ఒళ్ళో, నోటికి మూరెడు దూరంలో. అప్పుడు దిక్కు కాదు, దగ్గరతనం మనకు పనిచేస్తుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే రెండు ఫైళ్ళనూ తర్వాత సరిపెట్టుకోవచ్చు.

గోడకు ఆనించి కూర్చోబెట్టకండి. ఫాను ఆపండి. కింద దుప్పటి, వెనక ఒక బొంత వేలాడదీయండి. ఫైలు వేవ్ రకంలో పెట్టండి, రెండు ఛానెళ్ళు, 24 బిట్లు. గంటకు ఒక జీబీ అవుతుంది, అవనీయండి. ధ్వని స్థాయిని తనంతట తాను పెంచి తగ్గించే ఆటో సదుపాయాన్ని ఆపేయండి. ఎవరెక్కడ కూర్చున్నారో, మైకులెక్కడున్నాయో ఒక ఫొటో తీసి పెట్టండి. దూరాలు టేపుతో కొలిచి రాస్తే ఇంకా మేలు.

మీ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర మాటలు చెవితో విని చేత్తో రాసుకున్నారు. మన్యంలో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా 1931లో సవర భాషా గ్రంథం తెచ్చారు. అదే ఊళ్ళో మీ నాన్నమ్మ తరం మాట్లాడిన తెలుగు, 1936లో రాష్ట్ర సరిహద్దు గీత ఇవతల ఒడిశాలో ఉండిపోయిన తెలుగు, ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. నాకు అది చాలా పెద్ద సంగతి. మీ ఉత్తరానికి ఇన్ని పేజీలు పెట్టింది అందుకే.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుకి రెండు చిన్న మైకులు 5 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి, మాట ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టే పరికరం చేస్తున్నాం. శాంప్లింగ్ 16 కిలోహెర్ట్‌జ్. మనిషి ఎక్కడ నిలబడినా ప్రోగ్రాం 0, 26, 61 డిగ్రీలే చూపిస్తోంది, కుడివైపైనా ఎడమవైపైనా. వెనక నిలబడితే ముందున్నట్టు చెబుతోంది. హాస్టల్ గదిలో ఫాను వేస్తే ఇంకేమీ లేదు, ఎప్పుడూ 0. మైకులు పాడయ్యాయా సార్?
— ఇద్దరు విద్యార్థులు, గుణుపురం

జవాబు: మైకులు భేషుగ్గా ఉన్నాయి నాయనా. మీరు రాసిన మూడు అంకెలే మీ తంటా ఏమిటో చెప్పేశాయి. ఇంత చక్కగా గమనించి రాసినందుకు సంతోషం.

లెక్క వేద్దాం. 5 సెంటీమీటర్లు దాటడానికి ధ్వనికి పట్టేది 0.143 మిల్లీసెకను. మీ ఒక్కో శాంపిల్ 0.0625 మిల్లీసెకను. అంటే మనిషి పూర్తిగా పక్కకు నిలబడినా ఆలస్యం 2.3 శాంపిల్స్‌కి మించదు. మీ ప్రోగ్రాం ఆలస్యాన్ని పూర్ణాంకంగా వెతుకుతోంది. కాబట్టి దానికి దొరికేవి 0, 1, 2, వాటి ఎదురు గుర్తులు. ఒక శాంపిల్ ఆలస్యం అంటే 26 డిగ్రీలు, రెండంటే 61. మధ్యలో కోణం ఉండే చోటే లేదు. రెండు మందులున్నాయి. ఒకటి, 48 కిలోహెర్ట్‌జ్‌కి వెళ్ళడం, అప్పుడు 13 స్థానాలు వస్తాయి. రెండోది మెరుగైనది: రెండు మైకుల క్రాస్ కోరిలేషన్‌ను (ఒకదాన్ని జరుపుతూ రెండూ ఎంత సరిపోలుతున్నాయో చూసే లెక్కను) 16 రెట్లు సన్నగా ఇంటర్‌పొలేట్ చేసి, అంటే మధ్య విలువలు లెక్కగట్టి, శిఖరం వెతకండి. 16 కిలోహెర్ట్‌జ్‌లోనే 73 స్థానాలు వస్తాయి. కోణం ముందు వైపు బాగా కచ్చితంగా, పక్కలకు పోయేకొద్దీ వదులుగా వస్తుంది. అది మీ తప్పు కాదు, సైన్ లెక్కలో ఉన్న గుణం.

ముందు వెనకల గందరగోళం రెండు మైకులతో తీరదు. రెండు బిందువుల మధ్య గీతకు ముందున్నా వెనకున్నా ఆలస్యం ఒకటే. మూడో మైకు త్రిభుజంగా పెట్టండి, తీరిపోతుంది. మనిషికి ఆ పని చెవి డొప్ప, తల తిప్పడం చేసిపెడతాయి.

ఇక ఫాను. నడినెత్తిన ఉన్న ఫాను రెండు మైకులకూ సమాన దూరం, అందుకే 0. మీరు వాడుతున్నది 1976లో న్యాప్, కార్టర్ చెప్పిన ఫేజ్ పద్ధతి అయి ఉంటుంది. అందులో అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకే విలువ ఇచ్చేస్తాం. ప్రతిధ్వనికి అది మంచిదే కానీ, మాట లేనిచోట ఫాను గాలికి కూడా మాటతో సమానమైన ఓటు దక్కుతుంది. కాబట్టి 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ మధ్య మాత్రమే లెక్కలోకి తీసుకోండి, నిశ్శబ్దపు ముక్కల్ని వదిలేయండి. ఆ పై హద్దు ఊరికే చెప్పలేదు. మైకుల ఎడం తరంగదైర్ఘ్యంలో సగం దాటితే ఒకే ధ్వని రెండు దిక్కుల నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. 5 సెంటీమీటర్లకు ఆ హద్దు 3,500 హెర్ట్‌జ్. ఎడం 20 చేస్తే కోణం కచ్చితంగా వస్తుంది కానీ హద్దు 875కి పడిపోతుంది. ఎడం పెంచాలా వద్దా అన్నది మీ గదిని బట్టి మీరే తేల్చుకోవాలి. ప్రాజెక్టు రిపోర్టులో ఆ చర్చ రాయండి, పరీక్షకు వచ్చినవాళ్ళకు అదే నచ్చుతుంది.

రెండు మైకులూ ఒకే ఐ2ఎస్ (డిజిటల్ ధ్వనిని చేరవేసే) తీగల మీద, ఒకటి ఎడమ, ఒకటి కుడిగా ఉన్నాయా చూసుకోండి. పై జవాబులో చెప్పిన గడియారాల గొడవ అప్పుడు మీకు ఉండదు.

ప్రశ్న: మా సాహితీ సంఘం ఏటా అష్టావధానం జరుపుతుంది. రికార్డింగులో అప్రస్తుత ప్రసంగి మాట అవధానిగారి పద్యం మీద పడుతోంది, పైగా గంటల మోత. హాలు వెనక నాలుగు మైకులు పెడితే దిక్కును బట్టి అందరినీ విడదీయవచ్చని ఒక కుర్రాడు చెబుతున్నాడు. ఖర్చు పెట్టమంటారా?
— ఒక సంఘం కార్యదర్శి, బరంపురం

జవాబు: వద్దండి. ఆ అబ్బాయి చెప్పిన శాస్త్రం సరైనదే, కానీ మీ హాల్లో వేదిక మీద పది మంది మాట్లాడినా సభకు వినిపించేది మైకుసెట్టు పెట్టెల్లోంచి. అవధానిగారూ, పృచ్ఛకులూ, గంటా, అన్నీ ఒకే పెట్టెలోంచి ఒకే దిక్కు నుంచి వస్తుంటే, దిక్కును బట్టి విడదీయడానికి ఏముంది?

పెట్టెలు లేవనుకున్నా హాలు ఒప్పుకోదు. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న రేకుల కప్పు హాల్లో మోత రెండు సెకన్లు నిలుస్తుందనుకోండి. మాట్లాడే మనిషి నుంచి సుమారు మీటరుం పావు దాటితే నేరుగా వచ్చే మాట కంటే గోడలకు తగిలి తిరిగొచ్చే మోతే ఎక్కువవుతుంది. వెనక గోడ దగ్గర మైకులు నాలుగు పెట్టినా నలభై పెట్టినా వాటికి అందేది ఎక్కువగా ఆ మోతే.

డబ్బు ఖర్చు లేని దారి ఉంది. మాటలు కలవకముందే, మిక్సరు దగ్గరే పట్టుకోండి. ఒక్కో మైకును ఒక్కో ట్రాకుగా రికార్డు చేసే మిక్సరు మైకుసెట్టు ఆయన దగ్గర ఉంటే సరే సరి. లేదంటే మామూలు స్టీరియో మిక్సరే చాలు. అవధానిగారి మైకు పాన్ గుండీ పూర్తిగా ఎడమకు, పృచ్ఛకులందరివీ పూర్తిగా కుడికి తిప్పి, ఆ రెండు ఛానెళ్ళనూ రికార్డరులోకి తీసుకోండి. సభకు వెళ్ళే పెట్టెలకు మాత్రం మోనో అవుట్ ఇవ్వాలి, లేకపోతే హాల్లో ఎడమవైపు వాళ్ళకు అవధాని, కుడివైపు వాళ్ళకు పృచ్ఛకులు మాత్రమే వినపడతారు. ప్రతి మైకూ నోటికి జానెడు దూరంలో ఉండాలి, పృచ్ఛకుల మధ్య ఒక కుర్చీ ఎడం ఉంటే ఒకరి మాట ఇంకొకరి మైకులోకి తక్కువగా దూరుతుంది.

గంటను మాత్రం తీసేయకండి. కంచుగంట స్పెక్ట్రోగ్రామ్‌లో సన్నని నిలకడైన చారలుగా పడుతుంది కాబట్టి తీసేయడం తేలికే. కానీ పద్యం పాదం అల్లుతూనే ఆ గంటల్ని మనసులో లెక్కపెట్టుకోవడం అవధానంలో భాగం. అప్రస్తుత ప్రసంగి మాట పద్యం మీద పడటమూ అంతే. ట్రాకులు విడిగా దాచుకోండి, పద్యాలు రాసుకోవడానికి వాడుకోండి. పదిమందికీ వినిపించే ప్రతిలో అన్నీ కలిసే ఉండాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్భై దాటాయి. ఒక చెవికి మిషను పెట్టించాం. ఇంట్లో ఒక్కరం మాట్లాడితే బాగానే వింటారు. పెళ్ళి భోజనాల దగ్గర మాత్రం "అంతా గోల, ఏమీ తెలియట్లేదు" అని లేచి వచ్చేస్తున్నారు. మిషను శబ్దం పెంచినా అంతే.
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: శబ్దం పెంచితే గోల కూడా అంతే పెరుగుతుంది. ఆయనకు కావలసింది పెద్ద ధ్వని కాదు, విడిగా వినపడే ధ్వని. వయసుతో ముందుగా తగ్గేవి కీచు ఫ్రీక్వెన్సీలు. స, శ, త, క లాంటి హల్లులను గుర్తుపట్టించే ధ్వని అక్కడే ఉంటుంది. పైగా మొదటి ఉత్తరం టీచరుగారికి చెప్పిన దిక్కుల లెక్కకు రెండు చెవులూ కావాలి. రెండు చెవులకూ లోపం ఉండి ఒకదానికే మిషను ఉంటే మెదడుకు ఆ లెక్క సరిగా అందదు. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గరకు తీసుకెళ్ళి రెండో చెవి సంగతి అడగండి. మిషనులో దిక్కును బట్టి వినే అమరిక ఉందా అనీ అడగండి. చాలా మిషన్లలో సెంటీమీటరు ఎడంలో రెండు మైకులుంటాయి, ముందు నుంచి వచ్చే మాటను నిలిపి వెనక ధ్వనిని తగ్గిస్తాయి.

అలాంటి మిషను ఉంటే పెళ్ళిలో బ్యాండు, వంటశాల ఆయన వీపు వెనక ఉండేలా, మాట్లాడే మనిషి ఎదురుగా వెలుతురులో ఉండేలా కూర్చోబెట్టండి. పెదాలు కనపడటం కూడా సగం వినికిడే. మాట్లాడేవాళ్ళు చొక్కాకు తగిలించుకునే చిన్న మైకులు కొన్ని మిషన్లకు దొరుకుతాయి. మాట నోటి దగ్గరే అందుకుని నేరుగా చెవికి పంపుతాయి. గోలలో వాటిని మించినది లేదు. ఆయన్ని భోజనాల దగ్గరకు తీసుకెళ్ళడం మాత్రం మానకండి, పక్కన ఒకరు కూర్చుని ఒక్కొక్క మాటే అందిస్తూ ఉండండి.

ప్రశ్న: రాయగడ నుంచి మా అక్కావాళ్ళతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే, ఇద్దరం ఒకేసారి మాట్లాడిన ప్రతిసారీ ఒకరి మాట తెగిపోతుంది. నెట్టు బాగానే ఉంది. ఎందుకిలా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అక్క మాట మీ ఫోను స్పీకరులోంచి వచ్చి మళ్ళీ మీ మైకులోకే దూరుతుంది. అది అక్కకు తిరిగి వినిపించకుండా ఫోను దాన్ని తీసేస్తూ ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఏది అక్క ప్రతిధ్వనో, ఏది మీ మాటో తేల్చుకోలేక మీ మాటను కూడా తగ్గించేస్తుంది. స్పీకరు వదిలి ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఒక్కరే పెట్టుకుంటే రెండోవైపు తెగడం మిగిలే ఉంటుంది.